కాంతి చెప్పెడి నెత్తుటి లెక్క

క్రీ. శ. 1868వ సంవత్సరము ఆగష్టు నెల 18వ తేదీన, సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ మన తెలుగునేలమీదుగా సాగిపోయిన ఆ కొలది నిమిషములలో, దానిని చూచుటకే సముద్రములు దాటి వచ్చి గుంటూరున విడిది చేసిన ఫ్రెంచి ఖగోళజ్ఞుడు పియెర్ జాన్సెన్, తన దూరదర్శినికి వర్ణపటదర్శినిని తగిలించి, సూర్యబింబపు అంచున ఎగసిపడుచున్న జ్వాలలను పరిశీలించెను. ఆ జ్వాలల కాంతి ఏడు రంగుల పట్టీగా పఱచుకొనక, ఒకదానికొకటి ఎడముగా ప్రకాశించు సన్నని గీతలుగా విడిపోవుట చూచి, అవి మండుచున్న వాయువులనియు, అందు హైడ్రోజను ప్రధానమనియు ఆయన గ్రహించెను. అదే గ్రహణమును మచిలీపట్టణము నుండి చూచిన మద్రాసు వేధశాలాధికారి నార్మన్ పాగ్సన్ కూడ ఆ గీతలను నమోదు చేసెను. వానిలో పసుపుపచ్చని గీత యొకటి సోడియముది కాదని తేలి, భూమిపై అంతవఱకు ఎవరును ఎఱుగని హీలియమను మూలకమునకు చెందినదని స్థిరపడుటకు కొంతకాలము పట్టినది; ఆ వాయువు భూమిపై బ్రిటిషు రసాయనశాస్త్రజ్ఞుడు రామ్సే చేతికి చిక్కినది 1895లో. తొమ్మిది కోట్ల మైళ్ళకు పైబడిన దూరమున మండుచున్న పదార్థపు గుట్టు గుంటూరులోని గాజుపట్టకము ముందు దాగలేకపోయినదన్నమాట.

వస్తువును తాకకయే, తునక కోయకయే, అది వెలార్చు కాంతిని బట్టియో మ్రింగు కాంతిని బట్టియో అందేమేమి కలవో చెప్పగలుగు ఈ విద్య మన గడ్డకు ఒకనాటి అతిథిగా వచ్చిపోయినది కాదు. విశాఖపట్టణమున బాల్యము గడపిన రామన్ 1928లో కనుగొన్న ఫలితము దీనికి క్రొత్త శాఖను తొడిగినది. ఆయన శిష్యుడును కృష్ణా మండలమువాడును అగు సూరి భగవంతము ఆంధ్ర విశ్వకళాపరిషత్తున భౌతికశాస్త్రమును బోధించెను. అచ్చటనే కొచ్చెర్లకోట రంగధామరావు వర్ణపటశాస్త్రమునకు జీవితమును ధారవోసి, ఒక శిష్యపరంపరను నిలిపెను. అయితే ఆనాటి పరికరములు గదులను నింపునవి. దానికి కారణము శాస్త్రజ్ఞుల ఆడంబరము కాదు, కాంతి స్వభావమే. పట్టకము గుండనో, సన్నని గీతలు చెక్కిన గాజుపలక మీదుగనో వచ్చిన రంగులు ఒకదానినుండి ఒకటి ఎడమగుటకు దూరము కావలెను. ఎంత సూక్ష్మమైన తేడాను పట్టవలెనన్న అంత దూరము నడువవలెను. కనుక వర్ణపటమాపకమును కుదించుట యనగా దాని చూపును మందగింపజేయుటయే యని చిరకాలము అందఱును నమ్మిరి. ఆ నమ్మకము మన కన్నులయెదుటనే సడలిపోయినది. చిటికెనవ్రేలి గోటిపై నిలుచు సిలికాన్ తునకమీద నేడు వర్ణపటమాపకములును, రక్తపరీక్షా సాధనములును నిర్మింపబడుచున్నవి. అవి ఆసుపత్రి బల్లమీదికి, మందులదుకాణములోనికి, తుదకు మన మణికట్టుమీదికి వచ్చుటకు సిద్ధముగా నున్నవి. వచ్చునా రాదా యన్నది కాక, వచ్చినదానిలో దేనిని నమ్మవలెను, దేనిని నమ్మరాదు, నమ్ముటకు ముందు ఏమి అడుగవలెను అన్నదే ఈ వ్యాసమునకు విషయము.

ముందుగా ఆ తునక పనిచేయు తీరును కొంచెము నిదానముగా చూతము. కంప్యూటరు చిప్పులను చేయు కర్మాగారములలోనే, ఇంచుమించు ఆ యంత్రములతోనే, సిలికాన్ పలకపై కాంతి నడచుటకు సన్నని బాటలు చెక్కుదురు. ఒక్కొక్క బాట వెడల్పు సుమారు 450 నానోమీటర్లు, ఎత్తు 220 నానోమీటర్లు. ఒక్క తలవెండ్రుక వెడల్పులో ఇట్టి బాటలు నూటికి పైగా ప్రక్కప్రక్కన పట్టును. సిలికాన్ వక్రీభవన గుణకము దాదాపు 3.5, దానిని చుట్టియున్న సిలికాది దాదాపు 1.44. ఇంత వ్యత్యాసముండుటచేత, లోపల ప్రవేశించిన పరారుణకాంతి గోడలను దాటిపోలేక, కొద్ది మైక్రాన్ల వంపులలో సైతము చెదరక సాగిపోవును. కంటికి కనబడు కాంతిని సిలికాన్ మ్రింగివేయును గనుక దాని కొఱకు సిలికాన్ నైట్రైడును వాడుదురు. అయితే బాటలో నడచు కాంతి పూర్తిగా బందీ కాదు. గోడకు వెలుపల నూఱో రెండువందలో నానోమీటర్ల మేర అది తొంగిచూచుచునే యుండును. వైద్యమునకు పనికివచ్చునది ఆ తొంగిచూపే.

ఆ బాటను వలయముగా వంచినచో, ప్రక్కబాటనుండి దానిలోనికి దూరిన కాంతి గానుగెద్దువలె అదే త్రోవలో వందలసార్లు తిరుగును. వలయపు చుట్టుకొలతలో సరిగా పూర్ణసంఖ్యలో ఇముడు తరంగదైర్ఘ్యము మాత్రమే అందు నిలుచును, తక్కినవి నిలువవు. గదినిండ నడువవలసిన దూరమును కాంతి ఇట్లు వెండ్రుక మందమంత చోటనే నడచుచున్నది. ఇక ఆ వలయముపై ఒక ప్రతిరక్షకమును అతికించి, మీదుగా రక్తపుచుక్కను పాఱించినప్పుడు, ఆ ప్రతిరక్షకమునకు సరిపడు ప్రోటీను ఏదియో అదియే వచ్చి దానిని పట్టుకొనును. తొంగిచూచుచున్న కాంతికి అంతవఱకు తగులుచుండిన నీరు తొలగి ప్రోటీను తగులును. వక్రీభవన గుణకము రవంత మాఱును. వలయమున నిలుచు తరంగదైర్ఘ్యము కొన్ని పికోమీటర్లు ప్రక్కకు జరుగును. ఎంత జరిగినది అన్నదే పరీక్షాఫలితము. బెల్జియములోని ఘెంట్ విశ్వవిద్యాలయమువారు 2007లో ఇట్టి వలయముతో ప్రోటీనును గుర్తించి చూపిరి. ఒక్క చిప్పుపై పదులకొలది వలయములను పేర్చి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క ప్రతిరక్షకమును అద్ది, ఒక్క చుక్కతో పలు పరీక్షలు చేయు యంత్రములను అమెరికాలో జెనలైట్ అను సంస్థ తయారుచేసినది.

వర్ణపటమును విడదీయు పని సైతము ఇట్లే క్రొత్తదారులు త్రొక్కినది. 2013లో యేల్ విశ్వవిద్యాలయపు బృందమొకటి, క్రమము లేకుండ రంధ్రములు చెక్కిన 25 మైక్రాన్ల వ్యాసార్ధపు చోట కాంతిని కావలెనని చెదరగొట్టి, అది చెదరిన తీరును కొలిచి, గణితముచేత రంగులను మరల రాబట్టి, ముక్కాలు నానోమీటరు తేడాను పట్టగలిగినది. పూర్వము గాజు చేసిన పనిలో సగభాగము ఇప్పుడు గణితమునకు బదిలీ అయినది. ఇది మెచ్చదగిన నేర్పే. కాని గాజుపట్టకము ఏ దేశమందైనను ఒకే తీరున రంగులను విడదీయగా, గణితము మాత్రము తనకు ముందుగా ఏ నమూనాలు చూపబడినవో వానిని బట్టియే సమాధానము చెప్పును. ఈ భేదమును మఱచినచో మోసపోవుట తథ్యము.

నేడు పత్రికలలోను ప్రకటనలలోను రెండు వేర్వేరు విషయములు ఒక్కటిగా కలిపి చెప్పబడుచున్నవి. చుక్క రక్తమునో మూత్రమునో చిప్పుపై వేసి, ప్రతిరక్షకము ద్వారా పదార్థమును ఎన్నుకొని, కాంతితో కొలుచుట యొకటి. చర్మముపై వెలుగు పాఱించి, అది లోపలికి పోయి తిరిగి వచ్చిన కాంతిని చూచి, లోపలి రక్తమున ఏమున్నదో ఊహించుట మఱియొకటి. మొదటిదానిలో ఎన్నుకొను పని రసాయనశాస్త్రముది, కాంతి కేవలము లెక్కరాయడు. రెండవదానిలో ఎన్నుకొనుటయు లెక్కించుటయు రెండును కాంతిమీదనే పడును. నడుమ చర్మము, కొవ్వు, నీరు, చెమట, కండరములు అడ్డుగా నిలుచును. నా అభిప్రాయము సూటిగా చెప్పవలెనన్న, ప్రజాధనమును మొదటిదానిపై వెచ్చించుట సమంజసము. రెండవదానిని, ఒక్కటి రెండు కొలతలకు తప్ప, ఇప్పటికి నమ్మదగదు. ఆ ఒక్కటి రెండింటిని సైతము మన దేహములపై మనము సరిచూచుకొననిదే పూర్తిగా నమ్మరాదు.

ఆ నమ్మదగిన కొలతలలో మొదటిది పల్స్ ఆక్సీమీటరు. 2021 వేసవిలో రెండవ కోవిడ్ కెరటము వచ్చినప్పుడు, ధర్మామీటరు సైతము లేని ఇండ్లలోనికి ఆ చిన్న పరికరము ప్రవేశించినది. 94 అను అంకె పంచాంగములోని తిథికన్నను ముఖ్యమైనది. అంతకు తగ్గినచో పడక కొఱకు పరుగు, తగ్గనిచో ఇంటనే విశ్రాంతి. జపానుకు చెందిన టకువో ఆవోయాగి 1974లో ప్రకటించిన ఈ ఉపాయము చూచుటకు మిక్కిలి సరళమైనది. 660 నానోమీటర్ల ఎఱ్ఱని వెలుగును, 940 నానోమీటర్ల పరారుణపు వెలుగును వ్రేలిలోనికి మార్చి మార్చి పంపుదురు. ప్రాణవాయువును మోయు హీమోగ్లోబిన్ ఎఱుపును తక్కువగాను, మోయనిది ఎక్కువగాను మ్రింగును. పరారుణమున ఈ వరుస తలక్రిందులగును. నాడి కొట్టుకొనునప్పుడు హెచ్చుతగ్గులగు భాగమును మాత్రమే లెక్కకు తీసికొని, చర్మము, ఎముక మొదలగు స్థిరమైనవానిని ప్రక్కకు నెట్టుట ఆవోయాగి ప్రతిభ.

అయితే ఆ రెండు వెలుగుల నిష్పత్తినుండి 94 అను అంకె ఎట్లు పుట్టుచున్నది? కాంతి కణజాలమున నలుగడలకు చెదరిపోవును గనుక, కేవలము సిద్ధాంతమును బట్టి ఆ అంకె రాదు. ఆరోగ్యవంతులైన కొందఱికి ప్రాణవాయువు తక్కువగానున్న గాలిని పీల్పించి, వారి ధమనులనుండి రక్తమును తీసి నిజమైన శాతమును కొలిచి, అప్పటి నిష్పత్తితో జతపఱచి పట్టిక వ్రాయుదురు. ఆ పట్టికయే పరికరములోని చిప్పున నిక్షిప్తమైయుండును. దీనినే క్రమాంకనమందురు. మన వ్రేలిమీద వెలుగుచున్న అంకె, ఎక్కడనో ఎవరియొడలిపైననో వ్రాసిన పట్టికనుండి వెలువడుచున్నదని ఆ పరికరమును కొన్నవారిలో ఎందఱికి తెలియును? అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకము ప్రకారము ఈ పరీక్షకు కనీసము 10 మంది చాలును. వారిలో నల్లని చర్మము గలవారు ఇద్దఱో, మొత్తమున 15 శాతమో, ఏది ఎక్కువయైన అంతమంది యుండవలెను. ఇద్దఱు!

దాని పర్యవసానము 2020 డిసెంబరున న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అను పత్రికలో వెల్లడియైనది. ఆక్సీమీటరు 92 నుండి 96 వఱకు చూపిన రోగుల ధమనీరక్తమును పరీక్షింపగా, వాస్తవమున 88 శాతముకన్న తక్కువ యున్నవారు తెల్లవారిలో 3.6 శాతము కాగా, నల్లవారిలో 11.7 శాతము. అనగా పరికరము ‘భయము లేదు’ అన్నప్పుడు, చర్మము నల్లనైనవారిలో అది తప్పగుట మూడింతలు. చర్మమునందలి మెలనిన్ ఎఱ్ఱని వెలుగునే ఎక్కువగా మ్రింగుట మొదలగు కారణములు దీనికి చెప్పబడుచున్నవి. ఆ పరికరము అంతకు నలువది యేండ్లుగా ఆసుపత్రులలో వాడుకలో నున్నది; ముదురు చర్మముపై అది తప్పుచున్నదని 1990లోనే వైద్యులు వ్రాసిరి; ఐనను మహమ్మారి వచ్చి శవములు లెక్కించువఱకు ఎవరును చెవిని బెట్టలేదు. తుదకు 2025 జనవరిలో అమెరికా నియంత్రణ సంస్థయే క్రొత్త ముసాయిదాను వెలువరించి, పదిమందికి బదులుగా నూటయేబదిమందికి తగ్గకుండ, అన్ని ఛాయలవారిని సమముగా కలుపుకొని పరీక్షింపవలెనని సూచించినది.

ఇది అమెరికాలో నల్లవారి గోడు, మనకేమి యనుకొనుట అవివేకము. సముద్రపుటొడ్డున వలలు లాగువారు, మిరపతోటలలో ఎండకు కమలినవారు, సింగరేణి గనులలోను ఇటుకబట్టీలవద్దను పనిచేయువారు – వీరి చర్మపుఛాయ ఏ పట్టికలో నున్నది? ఆషాఢమాసమున గోళ్ళకు గోరింటాకు ముదురుగా పండిన స్త్రీ వ్రేలికి ఆక్సీమీటరు తగిలించునప్పుడు, గోటిరంగు కొలతను తప్పించుననియు, గోళ్ళరంగు తుడిచి చూడుడనియు వ్రాసిన విదేశపు సూచనాపత్రమున గోరింటాకు మాట యుండదు. అది తుడిచిన పోవునది కూడ కాదు. అట్టి సమయమున కాలివ్రేలికో, చెవితమ్మె పరికరముతోనో చూడవలెనను చిన్న మాటను చెప్పువారు సైతము ఎందఱు? మన్యములోని గిరిజనులలో కొడవలికణ వ్యాధి విరివిగా నున్నది. 2023 జులైలో దాని నిర్మూలనకు కేంద్రప్రభుత్వము ప్రారంభించిన కార్యక్రమమున మన రెండు రాష్ట్రములును చేరియున్నవి. ఆ వ్యాధి గలవారి హీమోగ్లోబినే వేఱు. వారిపై ఈ వెలుగులు ఎట్లు నడచునో ప్రత్యేకముగా సరిచూడవలసియుండగా, పాడేరులోను భద్రాచలములోను సంతలో కొన్న ఆక్సీమీటరే వారికిని వాడబడుచున్నది.

నమ్మదగిన కొలతయే ఇట్లున్నప్పుడు, నమ్మదగనివాని సంగతి చెప్పనేల? చేతిగడియారమే చక్కెరను చెప్పునను ప్రకటనలు ప్రతిపండుగకు అంతర్జాలపు అంగళ్ళలో మొలచుచున్నవి. భారతదేశమున మధుమేహగ్రస్తులు 10 కోట్లకు పైబడియున్నారని 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధనా మండలి సర్వేక్షణము లెక్కకట్టినది. వ్రేలిని పొడుచుకొను బాధ తప్పునన్న ఎవరికి ఆశ కలుగదు? కాని భౌతికశాస్త్రము ఆశలకు లొంగదు. ఆరోగ్యవంతుని యొడలి రక్తమంతటిలోను కలసియున్న చక్కెర సుమారు ఐదు గ్రాములు మాత్రమే. హీమోగ్లోబిన్ వలె దానికి రంగు లేదు. నాడితోపాటు విడిగా కనబడు గుర్తు లేదు. పరారుణమున దాని జాడలు నీటి జాడలలోను, కొవ్వు, ప్రోటీనుల జాడలలోను మునిగిపోవును. చర్మపు వేడి కొంచెము మాఱిన, చేయి కొంచెము బిగిసిన, వచ్చు మార్పే చక్కెర మార్పును మించిపోవును. చిప్పుపై లేజరులను అమర్చి మణికట్టుమీదనే వైద్యశాలను నెలకొల్పుదుమని 2021లో ప్రకటించిన రాక్లీ ఫొటోనిక్స్ అను సంస్థ, న్యూయార్కు స్టాకు మార్కెట్టున నమోదై, కోట్ల డాలర్లు వెచ్చించి, తన పరికరము ప్రజలచేతికి చేరకయే 2023 జనవరిలో దివాలా చట్టపు రక్షణను ఆశ్రయించినది. అందలి ఇంజనీర్లు మోసగాండ్రు కారు. వారు తలపడిన సమస్య అంత గట్టిది. మోసగాండ్రు వేఱుగా నున్నారు. వారు వందల రూపాయలకే ఆ గడియారమును అమ్ముదురు. 2024 ఫిబ్రవరిలో అమెరికా నియంత్రణ సంస్థ, చర్మమును పొడువకుండ తనంతట తానే చక్కెరను కొలుచు గడియారమునకు గాని ఉంగరమునకు గాని తాము అనుమతి ఇచ్చియుండలేదని బహిరంగముగా హెచ్చరించినది.

ఇక చిప్పుపై చుక్క. దీనియందు నాకు విశ్వాసమున్నదంటిని. అది గుడ్డివిశ్వాసము కాదు. ఒక్క చుక్కతో నానావిధ పరీక్షలు చేయుదుమని ప్రపంచమును నమ్మించిన థెరనోస్ అధిపతికి 2022లో పదునొకండేండ్లకు పైబడిన కారాగారశిక్ష పడిన సంగతి లోకవిదితము. అది చుక్క చేసిన నేరము కాదు. తమ యంత్రపు ఫలితమును పాత యంత్రపు ఫలితముతో పదుగురియెదుట పోల్చి చూపకుండుట చేసిన నేరము. పోల్చి చూపినచోట కాంతివలయములు పనిచేయుచున్నవి. ఐనను, ఘెంట్‌లోనో అమెరికాలోనో చల్లని ప్రయోగశాలలో పనిచేసినది ఎండలు మండు రెంటచింతలలో పనిచేయునా యన్న ప్రశ్నకు సమాధానము అచ్చటివారు చెప్పజాలరు. సిలికాన్ వలయమున ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగినచో తరంగదైర్ఘ్యము డెబ్బది ఎనుబది పికోమీటర్లు జరుగును. మనము పట్టదలచిన ప్రోటీను కలిగించు జరుగుబాటు అంతకన్న తక్కువయైయుండుట కద్దు. అనగా ఒక్క డిగ్రీ వేడియే లేని రోగమును ఉన్నట్లు చూపగలదు. ప్రతిరక్షకము అద్దని వలయము నొకదానిని ప్రక్కనే సాక్షిగా నిలిపి, వేడివలన కలిగిన జరుగుబాటును తీసివేయుదురు, ఉపాయము మంచిదే. కాని వైశాఖమున నలుబదియైదు డిగ్రీల ఎండలో, కరెంటు పోయి ఫ్యాను ఆగిన ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో, ఆ సాక్షి నిలకడగా నిలుచునా యన్నది అక్కడనే చూడవలెను. నెత్తుటిలోని తక్కిన ప్రోటీనులు పిలువని పేరంటముగా వచ్చి వలయమున అంటుకొనుట, ప్రతిరక్షకములు వేడికి చెడిపోవుట మొదలగునవి మఱికొన్ని చిక్కులు. సిలికాన్ తనంతట తాను కాంతిని వెలువరింపలేదు గనుక వెలుపలినుండి లేజరు తెచ్చి అతుకవలెను. చిప్పు చవుక, దానికి వెలుగును అందించి ఫలితమును చదువు పెట్టె ఖరీదు. అమ్మకమునకు వచ్చువారు చిప్పు ధరను గొంతెత్తి చెప్పుదురు, పెట్టె ధరను గొణుగుదురు.

ఏ రోగమునకు ఏ కొలత యన్న విషయమునను మన వివేకము మనకుండవలెను. శ్రీకాకుళపు ఉద్దానమును చూడుడు. కొబ్బరితోటల నడుమ, కారణము ఇంకను స్పష్టముగా తేలని మూత్రపిండవ్యాధి కుటుంబములకు కుటుంబములను కూల్చుచున్న ఆ సీమలో, ఇంటింటను పరీక్ష జరిపి వ్యాధిని మొదటనే పట్టవలెనన్న సంకల్పమునకు చిప్పుకన్న అనువైన సాధనమేమున్నదని ఎవరికైనను తోచును. అయితే అచ్చట చూడవలసినది క్రియాటినిన్. అది అతి చిన్న అణువు. వలయముపై అతుకుకొన్నను కాంతికి దాని బరువు సరిగా తెలియదు. పెద్ద ప్రోటీనైన ఆల్బుమిన్‌ను మూత్రమున పట్టుట వలయమునకు సుళువు. మధుమేహపు మూత్రపిండవ్యాధికి అది చక్కని గుర్తు కూడ. కాని ఉద్దానపు తరహా వ్యాధిలో, మూత్రపిండము చాలవఱకు చెడువఱకు మూత్రమున ఆల్బుమిన్ అంతగా కనబడదు. విదేశమున మధుమేహులకై చేసిన ఆల్బుమిన్ చిప్పును తెచ్చి ఉద్దానమున పంచిపెట్టినచో, ‘నీకేమియు లేద’ని వేలమందికి అభయమిచ్చి ఇంటికి పంపినవారమగుదుము. అక్కడి ప్రయోగశాలలో నేటికిని పనికివచ్చుచున్నది 1886లో మాక్స్ యాఫే కనుగొన్న పద్ధతియే: పిక్రిక్ ఆమ్లముతో కలిసి క్రియాటినిన్ నారింజరంగు తేలగా, ఆ రంగు మ్రింగిన వెలుగును కొలుచుట. క్రొత్తదన్న మోజున పాతదానిని అటకెక్కింపరాదనుటకు ఇంతకన్న నిదర్శనము వలదు.

చిప్పు నిజముగా ప్రాణము నిలుపగల తావులు వేఱుగా గలవు. ఛాతీనొప్పితో వచ్చినవానికి గుండెపోటు అవునో కాదో చెప్పు ట్రోపోనిన్, డెంగీ మొదటి దినములలోనే రక్తమున కనబడు ఎన్.ఎస్.1 – ఇవి ప్రోటీనులు. వలయమునకు చక్కగా చిక్కునవి. గంటలు గడచినకొలది విలువ తగ్గు సమాచారమును ఇచ్చునవి. 2018 నుండి తెలంగాణమున నడచుచున్న డయాగ్నస్టిక్స్ కేంద్రపు ఏర్పాటు ప్రకారము ఆరోగ్య కేంద్రములలో తీసిన నమూనాలను పెద్ద ప్రయోగశాలకు చేర్చి, ఫలితమును రోగి ఫోనుకు పంపుదురు. ఇది మంచి ఏర్పాటు. థైరాయిడుకు, కొలెస్టరాలుకు దీనిని మించినది అక్కఱలేదు, అచ్చట చిప్పులు కొనుట డబ్బు దండుగ. కాని నమూనాలు కొనిపోవు వ్యాను వచ్చువఱకు గుండెపోటు ఆగదు. ఆ ఒక్కటి రెండు పరీక్షలకు మన్యపు కేంద్రములలో చిప్పును పెట్టి చూడుడు.

అందుకు కావలసినది క్రొత్త ప్రకటన కాదు, కొలతల సరిచూపు. విశాఖపట్టణమున 2016లో నెలకొల్పిన మెడ్‌టెక్ జోన్, హైదరాబాదు చెంత సుల్తాన్‌పూరున వెలసిన వైద్యపరికరముల పార్కు – ఈ రెండింటిలోను తయారీకి భూములిచ్చిరి, షెడ్లు కట్టిరి. వానితోపాటు, మన ఛాయలన్నిటికి చెందిన స్వచ్ఛంద సేవకులతో, వైద్యుల పర్యవేక్షణలో, ధమనీరక్తముతో పోల్చి చూచు క్రమాంకనశాల నొక్కొక్కటి ప్రభుత్వఖర్చున నెలకొల్పి, నలుబదియైదు డిగ్రీల గదిలో చిప్పును నడపి చూచు ఏర్పాటును దానికి చేర్చి, ఫలితములను, మంచివైనను చెడ్డవైనను, అందఱు చదువునట్లు తెలుగులోను ఇంగ్లీషులోను ప్రకటింపవలెను. దీనివలన ఆలస్యమగునని, చిన్న సంస్థలు తట్టుకొనలేవని అనువారు కలరు. చిన్న సంస్థలు తట్టుకొనలేవు గనుకనే ఆ ఖర్చు ప్రభుత్వము భరింపవలెనని నా వాదము. ఆలస్యమన్న మాటకు ఆక్సీమీటరు చరిత్రయే సమాధానము: తొలుత సరిచూచుటకు సోమరితనము చూపినందున, సరిదిద్దుటకు నలువది యేండ్లు పట్టినది. 2017 నాటి వైద్యపరికరముల నిబంధనలను బట్టి పరికరములకు కేంద్ర నియంత్రణ ఉన్నమాట నిజమే. అది కనీసపు కట్టుబాటు. పెద్దమొత్తమున కొనుగోలు చేయు రాష్ట్రమునకు అంతకన్న ఎక్కువ అడుగు హక్కు కలదు. ఎవరి దేహములపై పరీక్షించితిరి, ఎంతమందిపై, ఎంత వేడిలో, దేనితో పోల్చితిరి – ఈ ప్రశ్నలకు కాగితముమీద సమాధానము లేని పరికరమునకు టెండరున చోటివ్వరాదు.

పాఠకులకు ఒక్క మనవి. ఇంటనున్న ఆక్సీమీటరును పాఱవేయవలదు. ఒక్కమాఱు చూపిన అంకెకన్న, రోజురోజుకు అది దిగుచున్నదా యన్నదానిని గమనింపుడు, ఆయాసమున్నచో అంకె బాగున్నను వైద్యునివద్దకు పొండు. చక్కెరను చర్మము మీదనే చెప్పుననెడి గడియారమును ఇప్పటికే కొనియున్నవారు దానితో కాలము చూచుకొనవచ్చును. దాని అంకెను బట్టి ఇన్సులిన్ మోతాదును మాత్రము మార్చవలదు.